బరోడా మేళా: సిరా ఒకరిది, మట్టి ఒకరిది

జింకు రేకు మీద అక్షరాన్ని తిరగేసి రాయాలి. అచ్చు తీసేసరికి కుడి ఎడమ అవుతుంది కాబట్టి, అద్దంలో కనిపించినట్టు వెనక నుంచి ముందుకు రాస్తేనే కాగితం మీద చదవడానికి వీలుగా పడుతుంది. తన ప్రింట్లలో నెమళ్లు, చిలుకలు, దేవతల ముఖాల చుట్టూ గుజరాతీ అక్షరాలు తీగలా అల్లుకుపోయేలా చేసే జ్యోతి భట్ దశాబ్దాల పాటు ఈ తిరగరాత రాశారు. ముందు రేకు మీద మైనం లాంటి పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తే పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే గీసిన చోట మాత్రమే తింటుంది. ఎక్కువసేపు ఉంచిన కొద్దీ గీత లోతవుతుంది, అచ్చులో నల్లగా పడుతుంది. ఆ గాడిలో సిరా కూరి, పైన మిగిలింది పలచటి గుడ్డతో, ఆఖరున అరచేతి అంచుతో తుడుస్తారు. తడిపి, పైనీటిని అద్ది తీసేసిన మందపాటి కాగితాన్ని దాని మీద పరిచి ప్రెస్సు రోలరు కింద తోస్తారు. ఇంత చేశాక కాగితం లేపి చూస్తే గానీ చేసిన పని ఎలా వచ్చిందో తెలియదు.

మట్టిపనిలోనూ ఫలితం ఆఖరున గానీ బయటపడదు. గ్లేజు పూసిన కుండ బట్టీలోకి వెళ్లేముందు సుద్ద రాసినట్టు పాలిపోయి ఉంటుంది. ఏ రంగు వస్తుందో చేసినవాళ్ల అనుభవంలో ఉంటుంది తప్ప కంటికి ఆనదు. స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టికి 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. ఆ వేడిలో పూత కరిగి గాజులా పట్టుకుంటుంది. బట్టీ చల్లారే దాకా తలుపు తీయకూడదు. తొందరపడితే కుండ పగులుతుంది. జ్యోత్స్న భట్ చేసిన పిల్లులు, గుడ్లగూబలు, బాతులు, తామరకాయలు, వెడల్పాటి పళ్లేలు అన్నీ ఇలా బట్టీ దగ్గర ఓపికగా కాచుకుని బయటికి తీసినవే. ఆమె పిల్లి బొమ్మలో మీసాలు ఉండవు, వెంట్రుకలు ఉండవు. ముడుచుకున్న వీపు వంపు ఒకటి, రెండు చెవులు, ఎక్కడో తోక మలుపు. అంతే. అయినా అది నిద్రపోతోందో, నిద్ర నటిస్తోందో చూడగానే తెలిసిపోతుంది.

ఈ ఇద్దరూ భార్యాభర్తలు. ఇద్దరి బతుకూ గుజరాత్‌లోని వడోదరలో, మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయం వారి ఫ్యాకల్టీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ చుట్టూ అల్లుకుంది. అక్కడే చదువుకున్నారు, అక్కడే పాఠాలు చెప్పారు. ఆ ఆవరణలో 1961లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ గురించి దేశంలోని చిత్రకారులంతా ఏదో ఒక సందర్భంలో తలచుకుంటూనే ఉంటారు. పేరులో ఫెయిర్ ఉన్నా అది మన తిరునాళ్ల లాంటిదే. ఆ మేళాకు భట్ దంపతుల పేరేమీ పెట్టలేదు. శిలాఫలకం లేదు, స్మారక ఉపన్యాసం లేదు. అయినా ఒక విశ్వవిద్యాలయం ఒక కళాకార దంపతులకు చేయగలిగిన అసలైన గౌరవం ఇలాంటి మేళాను బతికించుకోవడమేనని నేను నమ్ముతాను. ఎందుకంటే వాళ్లు నేర్చింది, నేర్పింది, ప్రేమించింది అంతా ఆ మేళా పద్ధతిలో ఉంది.

వడోదరను పాతవాళ్లు ఇప్పటికీ బరోడా అనే అంటారు. విశ్వామిత్రి నది ఊరి మధ్య నుంచి పోతుంది. అందులో మొసళ్లున్నాయి. వరదలొస్తే అవి వీధుల్లోకి వస్తాయి. పత్రికల్లో ఈ ఊరి వార్తలు ఎక్కువగా ఆ రోజుల్లోనే కనిపిస్తాయి గానీ, కళల చరిత్రలో దీని స్థానం వేరు. 1875 నుంచి 1939 దాకా పాలించిన సయాజీరావ్ గైక్వాడ్ రాజా రవివర్మను పిలిపించి బొమ్మలు వేయించారు. ఆ రవివర్మ లక్ష్మీ, సరస్వతులే తర్వాత అచ్చు పటాలుగా మన ఇళ్ల పూజగదుల్లోకి వచ్చారు. 1890లో ఇక్కడ కళాభవన్ అనే సాంకేతిక విద్యాలయం వెలిసింది. భారతీయ సినిమాకు ఆద్యుడైన దాదాసాహెబ్ ఫాల్కే అందులో చదువుకున్నారు. రాజవంశీకుల స్మారకంగా కట్టిన కీర్తిమందిర్ గోడల మీద శాంతినికేతన్ గురువు నందలాల్ బోస్ 1939 నుంచి 1946 వరకు విడతలవారీగా వచ్చి గంగావతరణం, మీరాబాయి జీవితం, మహాభారత యుద్ధం లాంటి పెద్ద చిత్రాలు వేశారు. అంటే విశ్వవిద్యాలయం పుట్టకముందే ఊరికి బొమ్మలు చూసే అలవాటుంది.

1949లో విశ్వవిద్యాలయం వచ్చింది. హంసా మెహతా వైస్ ఛాన్సలర్. మరుసటి ఏడాదే ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ తెరిచారు. అప్పటికి మన దేశంలో చిత్రకళ నేర్చుకోవాలంటే ఎక్కువగా ఆంగ్లేయులు పెట్టిన ఆర్ట్ స్కూళ్లే దిక్కు. అక్కడ డిప్లొమా ఇచ్చేవాళ్లు. బొమ్మలు వేయడాన్ని డిగ్రీ చదువుగా, కళా చరిత్రతో కలిపి చెప్పే ప్రయత్నం బరోడాలో జరిగింది. ఎన్.ఎస్. బేంద్రే రంగులు నేర్పారు. శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ దగ్గర శిల్పం నేర్చిన శంఖో చౌధురి శిల్ప విభాగం చూశారు. కేరళలో పుట్టి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి, శాంతినికేతన్‌లో చదువుకున్న కె.జి. సుబ్రమణ్యన్ కూడా తొలి రోజుల్లోనే వచ్చి చేరారు. అక్కడివాళ్లకు ఆయన మణిదా.

మేళా వెనక ఉన్న ఆలోచన అర్థం కావాలంటే ఈ మణిదా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1959 నుంచి రెండేళ్లు ఆయన ఫ్యాకల్టీ వదిలి చేనేత బోర్డులో డిజైన్ల పని చూశారు. నేతగాళ్ల మధ్య తిరిగారు. కొమ్మకు రెమ్మ పుట్టినట్టు చేతిపనిలోంచి కళ పుడుతుందని, కళాకారుడు వేరే లోకంలో ఉండడని ఆయనకు ముందునుంచీ ఉన్న నమ్మకం అక్కడ గట్టిపడింది. తిరిగి వచ్చిన 1961లోనే శంఖో చౌధురి, ఆయన, మిగతా అధ్యాపకులు, పిల్లలు కలిసి మొదటి మేళా పెట్టారు. పైకి కారణం మామూలుదే. విద్యార్థుల అవసరాలకు నాలుగు డబ్బులు కూడబెట్టడం. దాని వెనక ఇంకో సంగతి ఉంది. గ్యాలరీ గుమ్మం ఎక్కని మనిషి కూడా ఒక బొమ్మ కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లాలి. తాను గొప్ప శిల్పం చేస్తున్నానని అనుకుంటున్న విద్యార్థి కూడా, చంటిపిల్ల చేతిలో పెడితే విరగని గుర్రం చేయడం ఎంత కష్టమో తెలుసుకోవాలి.

ఆ గుర్రాలు, ఏనుగులు, పులులు ఎలా ఉండేవో చూడండి. వడ్రంగి దగ్గర మిగిలిపోయిన చెక్కముక్క ఒళ్లు. దానికి తోలుముక్క చెవులు, తాడు తోక, పూసల కళ్లు. చెక్క ఏ ఆకారంలో దొరికిందో జంతువు ఆ ఆకారంలో నడుస్తుంది. సుబ్రమణ్యన్ చేసిన ఇలాంటి బొమ్మలు ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనక ఉన్నాయి. అప్పట్లో అవి మేళా బల్లల మీద తక్కువ ధరకు అమ్మిన సరుకు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను చెక్కి, అతికి, చింతగింజల ముద్ద పట్టించి రంగులేసే ఇంట్లో, ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పుతూ లక్క పట్టించే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇందులో కొత్త ఏముందనిపించవచ్చు. విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆ ఇంటి పనివాడి పక్కన తానూ ఒక పనివాడిగా కూర్చోవడమే కొత్త. మన చదువుల్లో అది ఎంత అరుదో అందరికీ తెలుసు.

బొమ్మలే కాదు. తోలుబొమ్మలాట, ముసుగులు వేసుకుని ఆడే నాటకాలు, కాగితపు మాస్కులు, నగలు, కుండలు, పోస్టర్లు, అద్దకపు గుడ్డలు అన్నీ ఆ ఆవరణలోనే తయారయ్యేవి. పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు కూడా ఈ మేళాల పుణ్యమా అని పుట్టాయి. సుబ్రమణ్యన్ రాసి, బొమ్మలు వేసిన కొన్ని పుస్తకాలు ఫ్యాకల్టీ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. మేళా దగ్గర పడిందంటే తరగతి గదికీ వర్క్‌షాపుకీ తేడా పోతుంది. చిత్రకళ విద్యార్థి మట్టి పిసుకుతాడు, కళా చరిత్ర విద్యార్థిని జిగురు కాస్తుంది, గురువు మేకులు కొడతాడు.

జ్యోతి భట్ 1934లో భావ్‌నగర్‌లో పుట్టారు. అది కథియవాడ్ సీమ. మన రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకున్న రోజుల తర్వాత గుజరాత్ ప్రాంతాల్లో తిరిగి, కథియవాడ్ గొల్లభామలను బొమ్మ కట్టింది ఆ సీమలోనే. జ్యోతి భట్ బరోడా ఫ్యాకల్టీ తొలి విద్యార్థుల్లో ఒకరు. రాజస్థాన్‌లోని వనస్థలి విద్యాపీఠానికి వెళ్లి గోడచిత్రాల పని నేర్చుకున్నారు. 1959లో బరోడాలోనే ఉపాధ్యాయుడిగా చేరారు. ఆపైన ఇటలీలోని నేపుల్స్‌లో కొంతకాలం, 1964 నుంచి 1966 వరకు న్యూయార్క్ ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో. ఆమ్లంలో రేకు కాల్చే ఎచింగ్ పని ఆయన చేతికి పూర్తిగా పట్టుబడింది అక్కడే. తిరిగొచ్చి ఆ విద్యను బరోడాలో పంచారు. 1992లో పదవీ విరమణ దాకా ఆయన చేతి కింద తయారైనవాళ్లెందరో. 2019లో పద్మశ్రీ వచ్చింది.

జ్యోత్స్న 1940లో కచ్‌లోని మాండ్వీలో పుట్టారు. మాండ్వీ అంటే చెక్క ఓడలు కట్టే ఊరు. కొన్నాళ్లు జె.జె. స్కూల్లో, తర్వాత బరోడాలో శంఖో చౌధురి దగ్గర శిల్పం చదివారు. మొదటి మేళా నాటికి ఆమె అక్కడ విద్యార్థినే. మట్టి మీదికి మనసు పోయింది. భర్త న్యూయార్క్‌లో ఉన్న కాలంలో ఆమె బ్రూక్లిన్ మ్యూజియం ఆర్ట్ స్కూల్లో జోలియన్ హాఫ్‌స్టెడ్ దగ్గర సిరామిక్స్ నేర్చుకున్నారు. 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పారు. సిరామిక్స్ విభాగానికి చాలాకాలం పెద్దదిక్కుగా ఉండి 2002లో విరమించారు. ఆ తర్వాత కూడా మట్టి వదల్లేదు. 2020 జులైలో ఆమె కన్నుమూశారు.

ఇక్కడ ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. భర్త గురించి పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, పురస్కారాలున్నాయి. భార్య గురించి రాసింది తక్కువ. ఇది ఈ ఇంటి తప్పు కాదు, కళా ప్రపంచపు కొలతల తప్పు. కాగితం మీద అచ్చు వేస్తే కళ, మట్టితో పళ్లెం చేస్తే చేతిపని అనే లెక్క మన దగ్గర బాగా పాతుకుపోయింది. అన్నం పెట్టుకోగలిగినదేదైనా గోడకెక్కేదాని కంటే ఒక మెట్టు కిందే అని తీర్మానించేశారు. జ్యోత్స్న పనితనం చూస్తే ఆ లెక్క ఎంత బలహీనమైందో తెలుస్తుంది. ఆమె పూతలు తళతళలాడవు. నాచు పచ్చ, చెరువు నీలం, ఇసుక రంగు, అన్నీ మాటున దాగిన మెరుపులు. మెరిసే పూత చిన్న లోపాల్ని కప్పిపుచ్చుతుంది. మెరుపు తగ్గిన కొద్దీ ఆకారంలో ఏ తప్పున్నా కంటికి కొడుతుంది. కాబట్టి ఆకారం తప్పు లేకుండా ఉండాలి. శిల్ప విద్య ఆమెకు ఇచ్చింది అదే. తామరకాయ చేస్తే గింజల గుంతల మధ్య దూరాలు ప్రకృతిలో ఉన్నంత సహజంగా, అంత అసమానంగా ఉంటాయి.

మేళాలో మాత్రం ఈ తక్కువ ఎక్కువలు ఉండవు. బల్ల మీద ప్రింటు, కుండ, చెక్క ఏనుగు, ముసుగు పక్కపక్కనే. కొనడానికి వచ్చిన గుమాస్తాకు ఇందులో ఏది కళ, ఏది చేతిపని అన్న ప్రశ్నే రాదు. నచ్చింది కొంటాడు. అందుకే ఈ దంపతులిద్దరికీ సమానంగా మర్యాద దక్కే చోటు మేళా ఒక్కటేనని నాకనిపిస్తుంది. పురస్కారాలు ఎప్పుడూ ఒకరి మెడలోనే పడతాయి.

జ్యోతి భట్ మరో పని చేశారు. నా దృష్టిలో అది ప్రింట్లకు తీసిపోదు. 1967లో గుజరాత్ జానపద కళల మీద జరిగిన ఒక సదస్సు కోసం పల్లెల్లో ఫొటోలు తీయడానికి వెళ్లారు. గోడల మీద ఆడవాళ్లు వేసిన బొమ్మలు, ముంగిట ముగ్గులు, ఒంటి మీద పచ్చబొట్లు, ధాన్యం దాచే గాదెల మీద అద్దాల పని చూశారు. పక్కా ఇళ్లు, అచ్చు పటాలు, రంగుల డబ్బాలు వచ్చేకొద్దీ ఇవన్నీ పోతాయని ఆయనకు అర్థమైంది. శిల్పి రాఘవ్ కనేరియా లాంటి మిత్రులతో కలిసి ఏళ్ల తరబడి గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఇంకా దూర ప్రాంతాల పల్లెలు తిరిగి నలుపు తెలుపు ఫిల్ము మీద పట్టుకున్నారు. ఫొటోలో గోడ బొమ్మ ఒక్కటే ఉండదు. దాని ముందు దాన్ని వేసిన మనిషి ఉంటుంది. చంకలో పిల్ల, పక్కన మేక, నెత్తిన బిందె. బొమ్మను మనిషి నుంచి విడదీసి చూపకూడదన్న పట్టుదల ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. సంక్రాంతి నెలలో తెల్లవారకముందే పేడనీళ్లు చల్లి చుక్కలు పెట్టే మన ఆడవాళ్ల పనిని ఇలా ఏళ్లపాటు వెంటపడి నమోదు చేసినవాళ్లు మనకెందరున్నారో ఆలోచించుకోవాలి. సాయంత్రానికల్లా తొక్కుడు పడి పోయే ముగ్గుకు ఫొటో తప్ప వేరే జ్ఞాపకం లేదు.

అదే కెమెరా ఫ్యాకల్టీ ఆవరణలోనూ తిరిగింది. మేళా ఏర్పాట్లు, బొమ్మలు చేస్తున్న చేతులు, వేషాలు కట్టిన విద్యార్థులు, చెట్ల కింద కూర్చున్న గురువులు, అన్నీ ఆయన తీసి పెట్టారు. హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ వాళ్లు బరోడాకు చెందిన నలుగురు కళాకారుల సొంత కాగితాలు, ఫొటోలు డిజిటల్ చేసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ నలుగురు జ్యోతి భట్, కె.జి. సుబ్రమణ్యన్, రతన్ పరిమూ, గులామ్ మహమ్మద్ షేక్. ఒక విశ్వవిద్యాలయ మేళా ఎలా నడిచిందో ఇంట్లో కూర్చుని చూడగలగడం ఆ ఫొటోల చలవే.

బరోడాలో కళాకార జంటలకు కొదవ లేదు. గులామ్ మహమ్మద్ షేక్, నీలిమా షేక్. కళా చరిత్రకారుడు, చిత్రకారుడు రతన్ పరిమూ, ప్రింట్లు వేసే నైనా దలాల్. పి.డి. ధుమాల్, రిని ధుమాల్. ఒకే ఆవరణలో, ఒకే రకం ఆకలితో, ఒకే టీ బండి దగ్గర యవ్వనం గడిపితే జంటలు కుదరడంలో వింత లేదు. ఆ జంటల్లో ఇద్దరూ పని మానకుండా కొనసాగడమే గమనించాల్సింది. మన దగ్గర ఇలాంటి కథ వందేళ్ల కిందటే మొదలై మధ్యలో ఆగింది. దామెర్ల రామారావు భార్య సత్యవాణి కూడా బొమ్మలు వేశారు. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మా వేశారు. 1925లో మశూచి సోకి రామారావు ముప్ఫై ఏళ్లు నిండకుండానే పోయారు. రాజమహేంద్రవరం గ్యాలరీకి వెళ్లినవాళ్లు ఆయన బొమ్మల దగ్గర ఆగినంతసేపు ఆ ఇద్దరాడవాళ్ల బొమ్మల దగ్గరా ఆగాలి.

బరోడాకూ మనకూ ఉన్న చుట్టరికం చిన్నది కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లో చదువు ముగించి 1963లో బరోడా వెళ్లారు. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రాలు, దాంతోపాటు ప్రింట్ల పని నేర్చారు. దారపు పోగంత సన్నటి గీతతో మేకలు, చెట్లు, తలపాగా మగవాళ్లు, మోటు అందం ఉన్న ఆడవాళ్లు కలగలిసిన ఊరిని ఆయన రేకు మీదికి దించారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం కూడా బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నవారే. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, మెరిసే నల్లటి ఒళ్లు, ముదురు రంగు చీరతో ఆయన వేసే తెలంగాణ ఆడవాళ్లు ఇప్పుడు దేశమంతా తెలుసు. సూర్యాపేటలో పుట్టిన జి. రవీందర్ రెడ్డి బరోడాలో శిల్పం చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. కొప్పులో పూలు తురిమి, కళ్లు ఇంతింత చేసి చూసే ఆయన బంగారు రంగు ఆడతలలు విదేశాల మ్యూజియంల దాకా వెళ్లాయి. డి.ఎల్.ఎన్. రెడ్డి కూడా ఆ దారినే వెళ్లారు. ధర్మపురిలో పుట్టిన దేవరాజ్ డాకోజీ, ఆయన భార్య ప్రతిభ, ఇద్దరూ బరోడాలో చదివిన ప్రింట్ కళాకారులే. తెలుగు నేల మీదా ఒక సిరా జంట ఉందన్నమాట.

వీళ్లందరిలో ఒక పోలిక ఉంది. దూరం వెళ్లి నేర్చుకొచ్చిన విద్యతో తమ ఊరినే చెక్కారు. బరోడా వాళ్లకు పాశ్చాత్య పద్ధతులు నేర్పింది, కానీ ఊరిని మరిచిపొమ్మనలేదు. చెక్క ఏనుగు చేయమని కూర్చోబెట్టే మేళా ఉన్న చోట ఊరి బొమ్మను చిన్నచూపు చూడడం కుదరదు కదా.

ఆ ఆవరణకు కష్టకాలమూ వచ్చింది. 2007 మేలో వార్షిక పరీక్షల కోసం ఒక విద్యార్థి ప్రదర్శించిన చిత్రాల మీద బయటివాళ్లు వచ్చి గొడవ చేశారు. విద్యార్థిని అరెస్టు చేశారు. అతని పక్షాన నిలబడిన ఇన్‌ఛార్జి డీన్ సస్పెండయ్యారు. దేశమంతా కళాకారులు రోడ్డెక్కారు. పరీక్ష కోసం పెట్టిన బొమ్మను గదిలోకి చొరబడి తీర్పు తీర్చడం ఏ కోణంలో చూసినా అన్యాయం. ఆ గాయం చాలా ఏళ్లు మానలేదని అక్కడి పనులు గమనించేవాళ్లు అంటారు. మేళాలూ ఏటా క్రమం తప్పకుండా జరిగేవి కావు. కొన్నేళ్లు జరగడం, కొన్నేళ్లు ఆగడం మామూలైంది. దసరా నవరాత్రుల్లో ఫ్యాకల్టీ ఆవరణలో ఆడే గర్బా మాత్రం ఊళ్లో పేరున్నది. పెద్ద మైదానాల్లో చెవులు చిల్లులు పడే మైకుల మధ్య టికెట్టు కొని ఆడే గర్బాలున్న ఊళ్లో, ఇక్కడ పాత పద్ధతిలో పాటగాళ్లు పాడుతుంటే గుండ్రంగా తిరుగుతారు.

మన దగ్గరా హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంది, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, విశాఖలో, కడపలో విభాగాలున్నాయి. ఏడాది చివర పిల్లల పని ప్రదర్శనకు పెడతారు. మంచిదే. కానీ ప్రదర్శన చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువగా తోటి విద్యార్థులు, గురువులు. కొండపల్లి నుంచి, ఏటికొప్పాక నుంచి, నిర్మల్ నుంచి, పెంబర్తి నుంచి పనివాళ్లను పిలిచి, వాళ్లకు కూలి కట్టి, నెల రోజులు విద్యార్థులతో కలిపి కూర్చోబెట్టి, ఆఖరి మూడు రోజులు ఊరికి తలుపులు తెరిచి అమ్మకం పెడితే ఎంత బాగుంటుంది! చేర్యాల నకాషీ కళాకారుడు పక్కన కూర్చుంటే చింతగింజల జిగురు ఎలా కాచాలో చిత్రకళ విద్యార్థికి ఏ పుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. వచ్చిన డబ్బులో సగం పనివాళ్లకు, సగం పిల్లల నిధికి. దీనికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. చెక్కముక్కలు, మట్టి, గురువు చేతికి మసి అంటుకోవడానికి ఒప్పుకోవడం చాలు. దానికి ఏ దంపతుల పేరు పెట్టాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు. దామెర్ల రామారావు, సత్యవాణి పేర్లు పెడితే నాకు సంతోషం.

బరోడా వెళ్లాలనుకునేవాళ్లకు దారి తేలికే. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడ, ఖమ్మం, వరంగల్ వాళ్లు మారకుండా వడోదరలో దిగవచ్చు. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ వెళ్లే రైళ్లూ అటే పోతాయి. స్టేషన్‌కు విశ్వవిద్యాలయం దగ్గరే. ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ ఉన్న చోటును పుష్పబాగ్ అంటారు. సయాజీబాగ్ తోటలోని మ్యూజియం, కీర్తిమందిర్‌లో నందలాల్ గోడలు, లక్ష్మీవిలాస్ ప్యాలెస్‌లో రవివర్మ చిత్రాలు ఒక్క రోజులో చుట్టేయవచ్చు. మేళా ఆ ఏడాది ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. ఉంటే సంచీ ఒకటి ఖాళీగా పెట్టుకోండి. చెక్క బొమ్మలు బరువుండవు గానీ కుండలకు చుట్టడానికి పాత దుప్పటి కావాలి.